రాకెట్టెక్కిన కుంటి నెమలి

మా తిమ్మరాజు మామకు అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, ఉత్త అనుమానం. కొందరికి బీపీ ఉన్నట్టు, కొందరికి షుగరు ఉన్నట్టు మామకు అనుమానం ఉంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మందులు మింగుతారు. మామ మాత్రం డాక్టరు రాసిన చీటీని వెలుతురుకు పట్టి ఒకటికి రెండుసార్లు చూసి, "ఇంత వంకరగా రాసినాడంటే ఏదో దాస్తాండాడు" అని మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీయడం వృత్తి. పొద్దున కాఫీ తాగుతూ మొదలవుతుంది ఆయన అనుమానం. మా రంగనాయకమ్మ అత్త ఇచ్చిన గ్లాసు చేతిలో పట్టుకుని, ఒక గుటక వేసి, ఆగుతాడు.

"కాఫీ ఈ పొద్దు బాగుండాదే!"

"బాగుంటే తాగు."

"తాగుతా గానీ, ఏమి సంగతి?"

"ఏ సంగతీ లేదు. పాలు చిక్కగా ఉండాయి."

"ఈ పొద్దే ఎందుకు చిక్కగా ఉండాయి?"

అత్త జవాబు చెప్పదు. చెబితే మధ్యాహ్నం దాకా పోతుందని ఆమెకు అనుభవం. ఇదేం మనిషి మామా నువ్వు, ఎవర్నీ నమ్మవా అని నేనడిగితే మామ నొచ్చుకుంటాడు. "నమ్మకం లేదని ఎవరన్నారు అల్లుడా? నమ్మకం నమ్మకమే, అనుమానం అనుమానమే. రెండూ ఉంటేనే సంసారం," అంటాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన వృత్తిలో అనుమానానికి తావుంది. పూర్వం చిల్లులు పొడిచిన అట్టలు వరసగా కుట్టి మగ్గం మీద వేలాడదీసేవాళ్లు. ఆ చిల్లుల్ని బట్టి అంచులో హంసలు, కొంగులో ఏనుగులు నడిచొచ్చేవి. ఇప్పుడు మగ్గం నెత్తిన ఎలక్ట్రానిక్ జకార్డ్ అనే పెట్టె కూర్చుంది. డిజైనును కంప్యూటర్లో గీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పెట్టెకు గుచ్చితే మిగతాది అదే చూసుకుంటుంది. అట్టల మోపు దొంగిలించాలంటే ఇద్దరు మనుషులు, ఒక ఆటో కావాలి. పెన్‌డ్రైవ్ దొంగిలించడానికి చొక్కాకు జేబుంటే చాలు.

అందుకని మామ తన కంప్యూటర్‌ను ఇంట్లో నడిమి గదిలో, గొంగడి కప్పి, తాళం వేసి ఉంచుతాడు. తాళంచెవి మొలతాడుకు ఉంటుంది. పెన్‌డ్రైవ్ గుచ్చే సందుల్లో ఒకటి మాత్రం వదిలి మిగతావాటిని లక్క కరిగించి మూసేశాడు. పాస్‌వర్డ్ రోజూ మారుస్తాడు. మార్చింది మరిచిపోతాడు. మరిచిపోయానని చచ్చినా ఒప్పుకోడు.

"నేను మార్చలేదు. అదే మార్చుకునింది," అని కంప్యూటర్ వైపు గుర్రుగా చూస్తాడు.

అప్పుడు వంటింట్లోంచి అత్త గొంతు వీధి చివరిదాకా వినబడేలా పలుకుతుంది. "నిన్నటిదానికి వెనక నా పేరు తగిలించినావు గదా, అది కొట్టి చూడు!"

దొంగల్ని పట్టడానికి మామ ఒక ఉపాయం కూడా పన్నాడు. తాను గీసే ప్రతి నెమలికీ ఎడమకాలు రవ్వంత పొట్టిగా పెడతాడు. కట్టుకున్నవాళ్లకు తెలియదు, అమ్మినవాళ్లకు తెలియదు. మామకు మాత్రం ఆమడ దూరం నుంచి తెలుస్తుంది.

ఒకసారి హిందూపురంలో మా బంధువుల పెళ్లి. అక్షింతలు వేసే వేళకు మామ కనబడలేదు. వెతికితే పెళ్లికొడుకు మేనత్త వెనకాల నడుము వంచి నడుస్తున్నాడు. ఆమె ఆగితే ఆగుతున్నాడు, ఆమె తిరిగితే తిరుగుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, ఏం పోగొట్టుకున్నావు ఈడ?"

"నెమలిని."

"ఏ నెమలి?"

"కుంటిది."

ఆమె మొగుణ్ణి పిలిచింది. మొగుడు ఇంకో నలుగుర్ని పిలిచాడు. వాళ్లు వచ్చేలోపు నేను మామ రెక్క పట్టుకుని భోజనాల వైపు లాక్కుపోయాను. ఆయన ముఖం మతాబులా వెలిగిపోతోంది.

"పట్టేసినా అల్లుడా! ఆ నెమలి నాదే. కుంటుతాంది, చూసినావా?"

"అయితే ఆ చీర ఎక్కడ కొన్నారో అడుగుదాం పద. దొంగ దొరుకుతాడు."

మామ చప్పున చల్లారిపోయాడు. "పప్పు బాగుండాది, ముందు తిను," అని నా విస్తట్లోకి వడ్డించేవాణ్ణి పిలిచాడు.

ఇంత అనుమానం మనిషి పెన్‌డ్రైవ్‌లు పోగొట్టుకోవడంలో మాత్రం జిల్లాకే మొదటివాడు. టీ అంగడి బల్ల మీద ఒకటి వదిలేస్తాడు. మంగలి షాపులో అద్దం ముందు ఒకటి. పెనుకొండ బస్సులో కిటికీ పక్కన ఒకటి. మర్నాడు తెల్లారగానే వీధి మధ్యలో నిలబడి పంచె ఎగగట్టి మొదలుపెడతాడు.

"ఎవడ్రా నా డిజైను ఎత్తుకుపోయినోడు? దొరికితే తోలు వలిచి మగ్గానికి కడతా! నాకు అందరి మీదా అనుమానం ఉండాది!"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ వీధిలో ఎవరో ఒకరు చప్పున లోపలికి పోయి మగ్గం గుంతలోకి దిగిపోయేవాళ్లు. మామ అది చూసీ చూడనట్టు ఇంకో రెండు తిట్లు తిట్టి, కాఫీకి ఇంట్లోకొచ్చేవాడు.

అందరి మీదా ఉన్న అనుమానం ఒక ఎత్తు, ఎదురింటి నాగేష్ మీద ఉన్నది ఒక ఎత్తు. నాగేష్ నేతగాడు. మెత్తని మనిషి, మాట తక్కువ. ఒకసారి మామ టీ అంగట్లో మరిచిపోయిన పెన్‌డ్రైవ్ ఆయన కంటబడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తుకుంటూ తెచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అన్నా, ఇది మరిచిపోయొచ్చినావు."

మామ ముఖం మాడిపోయింది. "దీంట్లో ఏముండాదో చూసినావా?"

"లేదన్నా."

"ఎందుకు చూళ్లేదు?"

"నీది గదన్నా."

"నాదైతే చూడవా? చేతికొచ్చినదాన్ని చూడకుండా తెచ్చిస్తావా? ఏం మనిషివబ్బా నువ్వు!"

నాగేష్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మంగలి షాపులో మరిచినప్పుడూ ఆయనే తెచ్చిచ్చాడు. ఈసారి మామ పెన్‌డ్రైవ్‌ను విసురుగా లాక్కుని నాతో అన్నాడు: "వీడితో జాగ్రత్త అల్లుడా. ఎత్తుకుపోయేవాణ్ణి నమ్మొచ్చు గానీ, తెచ్చిచ్చేవాణ్ణి నమ్మగూడదు."

ఇది అనుమానం కాదు, పైత్యం అనుకున్నాను నేను.

నేను హిందూపురంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మా పిల్లలు కొందరు చిన్నచిన్న రాకెట్లు చేసి ఎగరేస్తుంటారు. అట్టగొట్టం ఒళ్లు, చెక్క రెక్కలు, కిందికి దిగడానికి ఒక పారాచూట్. ఆ జట్టుకు నాయకురాలు సౌమ్య. నాగేష్ కూతురే. పారాచూట్ కూడా వాళ్ల నాయన మగ్గం మీద మిగిలిన పట్టుగుడ్డే.

ఆ మగ్గం అప్పటికి కొన్ని నెలలుగా ఆడటం లేదు. నాగేష్ దగ్గరున్నవన్నీ పాత డిజైన్లు. పాతవి నేస్తానంటే షావుకార్లు పట్టు ఇవ్వరు. కొత్తవి కావాలని ఎవర్నీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు నాగేష్. పెనుకొండలో కాలేజీల మధ్య రాకెట్ల పోటీ పెట్టారు. గెలిచిన జట్టు నాయకులకు చివరి ఏడాది చదువు ఖర్చంతా నిర్వాహకులే చూసుకుంటారు. పోటీకి ముందు సౌమ్య నాతో ఒక మాట చెప్పింది.

"గెలిస్తే చదువుతా సార్. లేదంటే ఈ ఏడాదితో ఆపేసి హిందూపురంలో గార్మెంట్స్‌లో చేరతా. నాయనకు ఇంకా చెప్పలేదు."

మనసు ఊరుకోక ఈ సంగతి ధర్మవరం వెళ్లినప్పుడు అత్తకు చెప్పాను. మామ పక్కనే కూర్చుని, పేపరు తలకిందులుగా పట్టుకుని, మా ఇద్దర్నీ అనుమానంగా చూస్తున్నాడు.

పోటీకి ముందురోజు శనివారం ఒక చిక్కొచ్చింది. రాకెట్టు ముక్కులో ఆల్టీమీటర్ అని బొటనవేలంత పరికరం పెడతాం. అది గాలి ఒత్తిడిని బట్టి రాకెట్టు ఎంత ఎత్తుకు పోయిందో క్షణక్షణానికీ రాసుకుంటుంది. కిందికి దిగాక యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లాగే తెరుచుకుంటుంది. లోపల రెండు ఫైళ్లు. ఒకటి సెట్టింగులది, రెండోది ఎగిరినప్పటి లెక్క. మాది ఎత్తును అడుగుల్లో చెబుతోంది. పోటీవాళ్లకు మీటర్లలో కావాలట. సెట్టింగుల ఫైల్లో ఒక్క మాట మారిస్తే అయిపోతుంది. కానీ కాలేజీకి సెలవు, నేనూ సౌమ్యా ధర్మవరంలోనే ఉన్నాం, నా ల్యాప్‌టాప్ ఆ వారమే ప్రాణం వదిలింది. నెట్ సెంటర్లో ఉన్న కంప్యూటర్లకు ఈ పరికరం కనబడనే లేదు. ఇక ధర్మవరంలో మాకు మిగిలింది గొంగడి కప్పుకున్న కంప్యూటర్ ఒక్కటే.

నేను, సౌమ్య వెళ్లేసరికి మామ గడపలోనే నిలబడ్డాడు. సౌమ్య చేతిలోని పరికరాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశాడు.

"దీంట్లో కెమెరా ఉండాదా?"

"లేదు పెద్దనాయనా."

"మైకు?"

"అదీ లేదు."

"కన్ను లేదు, చెవి లేదు. మరి అంత పైకి పోయి ఏం చేస్తాది?"

"గాలి ఒత్తిడి చూసి ఎంత ఎత్తు పోయిందో చెప్తాది."

"ఎవరికి?"

"మనకు."

"మనకొక్కరికేనా?"

నేను జోక్యం చేసుకున్నాను. "మామా, ఇది మీ ఇంటి గుట్టు మోసుకుపోయే రకం కాదు. తీగ తగిలించి, ఒక మాట మార్చి, తీసేస్తాం."

మామ మమ్మల్ని గోడ వైపు తిరగమని, పాస్‌వర్డ్ కొట్టాడు. తెరుచుకోలేదు. వంటింట్లోంచి అత్త చెప్పింది. తెరుచుకుంది. సౌమ్య తీగ గుచ్చగానే తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఈ డ్రైవ్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది, పరీక్షించి సరిచేయమంటారా అని అడుగుతోంది కంప్యూటర్.

మామ కళ్లు చెమర్చినంత పనైంది. "చూసినావా అల్లుడా! దీనికి గూడా అనుమానమే! ఇన్నేళ్లకు నా మనసు తెలిసిన మిషను ఒకటి దొరికింది."

"ప్రతిదానికీ అట్లే అడుగుతాది పెద్దనాయనా," అంది సౌమ్య. ఆ హెచ్చరికను పక్కకు తోసి సెట్టింగుల ఫైలు తెరిచింది. అడుగులు అని ఉన్నచోట మీటర్లు అని కొట్టి భద్రం చేసింది.

"ఇంతేనా? ఒక్క మాట మారిస్తే ఎత్తు మారిపోతాదా?"

"ఎత్తు మారదు. చెప్పే తీరు మారుతాది."

"అంటే మనిషిని బట్టి మాట మార్చే రకమన్నమాట. నాకు ముందే అనుమానం." మామ లేచి తలుపు వైపు చెయ్యి చూపాడు. "మీరిద్దరూ పోయి మీ అత్త దగ్గర కాఫీ తాగండి. దీన్ని నేనొకసారి విచారించాల. ఊరికే కాదు నా కంప్యూటర్ ముట్టుకునింది."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు కూడా వినబడింది. మేం కాఫీ తాగి, అత్త పెట్టిన మురుకులు తిని, ఇంకోసారి కాఫీ తాగాక మామ బయటికొచ్చాడు. పరికరాన్ని పట్టుగుడ్డ ముక్కలో చుట్టి సౌమ్య చేతిలో పెట్టాడు.

"చూసినా. ఇప్పటికైతే ఏం తప్పు దొరకలేదు. పోయి మీ ఇంట్లో కంప్యూటర్‌కు ఒకసారి పెట్టి చూసుకో పాపా."

"మా ఇంట్లో కంప్యూటర్ యాడుండాది పెద్దనాయనా?"

మామ ముఖంలో ఏదో ఆరిపోయినట్టయింది. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం పెనుకొండ కొండ కింద బయలంతా జనం. ఒక షామియానా, అందులో ఒక బల్ల, బల్ల మీద పెద్ద టీవీ. ఎగిరొచ్చిన ప్రతి ఆల్టీమీటర్‌నూ అందరి ఎదురుగా అక్కడ ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఎత్తు టీవీలో చూపిస్తారు. న్యాయనిర్ణేత సుధారాణి మేడమ్ వేరే ఊరి నుంచి వచ్చారు. ఒక్కో జట్టుకూ రెండు అవకాశాలు. కూతుర్ని చూసుకుందామని నాగేష్ వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఆయన వెనకాలే నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గొడుగు వేసుకుని, మామ!

"నువ్వెందుకొచ్చినావు మామా?"

"నిఘా," అన్నాడు నాగేష్ వీపు వైపు కళ్లెగరేసి.

మొదటి అవకాశంలో మా రాకెట్టు ఎంత బాగా లేచిందో చెప్పలేను. గాలి ఆడటం లేదు. నిట్టనిలువుగా పోయి చుక్కంతై, పట్టు పారాచూట్ విప్పుకుని, పక్క చేనిలో మెల్లగా దిగింది. అప్పటిదాకా ఎవరిదీ అంత ఎత్తు పోలేదని కంటికే తెలుస్తోంది. సౌమ్య పరుగున తెచ్చి మేడమ్ ముందు పెట్టింది. తీగ తగిలించారు. లెక్కల ఫైలు తెరిచారు. టీవీలో గీత పైకి లేచింది, లేచింది, సగంలో ఠక్కున ఆగిపోయింది.

"మిగతాది ఏది?" అన్నారు మేడమ్.

"తెలీదు మేడమ్."

"రాకెట్టు దిగొచ్చింది కదా. దిగినట్టు ఇందులో లేదే. ఎవరైనా ఫైలు కత్తిరించారా?"

ఆమె కూడా మామ జాతేనని తోచింది నాకు. "మెమొరీ నిండిపోతే అట్ల ఆగిపోతాది మేడమ్. కానీ నిన్న ఖాళీగానే ఉండె," అంటూ సౌమ్య పరికరంలో ఏమేమున్నాయో తెరిచింది. రెండు ఫైళ్లుండాలి. మూడున్నాయి. మూడోది మహా బరువుగా ఉంది. దాన్ని నొక్కింది.

టీవీ నిండా నెమలి పరుచుకుంది.

అబ్బ, ఏం కొంగు అది! పింఛం విప్పిన నెమలి, చుట్టూ తీగలు, తీగల నిండా మొగ్గలు. వెనకనుంచి ఎవరో, "ఓయబ్బా, రాకెట్టు పైకి పోయి నెమలిని ఫోటో తీసుకోనొచ్చింది రా," అన్నాడు.

సుధారాణి మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు. "ఇది ఎత్తా, వేగమా?"

నేను నెమలి ఎడమకాలు చూశాను. తర్వాత మామను చూశాను. మామ అంతకుముందే ఆకాశంలో మబ్బుల్ని పరీక్షిస్తున్నాడు. నా చూపు తగిలి ఒక్కసారిగా ఎగిరిపడ్డాడు.

"దొంగతనం! నా కొంగు డిజైను అది! నిన్న నా కంప్యూటర్‌కు గుచ్చినప్పుడు ఆ మిషనే ఎత్తుకునింది!"

"దానికి ఎత్తుకోవడం చేతకాదు మామా."

"కెమెరా లేదంటిరి, మైకు లేదంటిరి. చేతులుండాయని ఎవరూ చెప్పకపోతిరే!"

జనం నవ్వారు గానీ మేడమ్ నవ్వలేదు. "దొంగిలించిన ఫైలంటే మామూలు విషయం కాదండీ. నిన్న మీ కంప్యూటర్ దగ్గర ఎవరున్నారు? ఈ అమ్మాయేనా? అలాగైతే ఈ జట్టును పోటీలో ఉంచలేను."

నాగేష్ ముఖం పాలిపోయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అన్నా, నన్నేమన్నా అను. ఇన్నేళ్లూ అన్నావు, పడినా. నా బిడ్డ అట్లాంటిది కాదు."

ఆ మాటకు మామ చేతిలోంచి గొడుగు జారింది. ఆయన అంత ఇరకాటంలో పడగా నేనెప్పుడూ చూడలేదు. సౌమ్య కళ్లనీళ్లు తుడుచుకుని మౌస్ పట్టుకుంది.

"నాకొద్దు పెద్దనాయనా నీ నెమలి. నీ ముందే తుడిచేస్తా చూడు."

"ఆగు పాపా!" మామ అరిచిన అరుపుకు పక్క చేనిలో గొర్రెలు బెదిరాయి. "తుడిచేయొద్దు! ముందు మీ నాయనకు..."

"నాయనకు?"

"మీ నాయనకు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, తరువాత తుడుచుకో."

"దొంగ సొత్తు దొంగకే ఇమ్మంటావా మామా?" అన్నాను నేను.

"సాక్ష్యం! సాక్ష్యం ఉండొద్దా? వాడి దగ్గరుంటే నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి చూసుకుంటా."

"ఇప్పుడు నా దగ్గర పెన్‌డ్రైవ్ లేదన్నా," అన్నాడు నాగేష్ అయోమయంగా.

మామ చొక్కా జేబులోంచి ఒకటి తీశాడు. తొందరలో దాని వెంట ఇంకో మూడు కింద పడ్డాయి. కొత్తవి, కాగితం కూడా విప్పనివి.

సుధారాణి మేడమ్ అన్నీ చూస్తూనే ఉన్నారు. "ఇంతకీ ఈ అమ్మాయి తీసిందా, తీయలేదా? ఒక్కమాట చెప్పండి."

"పాప తీయలేదు," అన్నాడు మామ నేల చూస్తూ. "ఆ ఫైలు దాంట్లో పెట్టినోడు ఎవడో నాకు తెలుసు. వాడి మీద నాకు మొదటినుంచీ అనుమానమే."

నవ్వాపుకోవడానికి మేడమ్ నీళ్లసీసా ఎత్తి తాగారు. రెండో అవకాశం ఇచ్చారు.

నెమలిని పెన్‌డ్రైవ్‌లోకి దింపి, ఆల్టీమీటర్‌ను ఖాళీ చేసి, మళ్లీ ఎగరేశాం. ఆలోపు కొండ మీదినుంచి గాలి లేచింది. రాకెట్టు పైకి పోతూ పోతూ పక్కకు ఒరిగింది. లెక్క మాత్రం మొదటినుంచి చివరిదాకా పొల్లుపోకుండా వచ్చింది. రెండో స్థానం. రెండో స్థానానికి షీల్డు ఇస్తారు, చదువు ఇవ్వరు. సౌమ్య షీల్డు పట్టుకుని ఫోటోకు నవ్వింది. నాకు మామ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఆ కోపంతోనే ధర్మవరం వెళ్లి అత్త ముందు కూర్చున్నాను. మామ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. అత్త నేను చెప్పిందంతా విని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఎప్పుడో పట్టినా. ఈయన పెన్‌డ్రైవ్‌లు పారేసుకుంటాడు గదా, యాడ పారేసుకుంటాడో ఎప్పుడన్నా చూసినావా? ఎవరి మగ్గం ఆగిపోయిందో వాడు కూర్చునే బల్ల మీద. ఎవరికి పని లేదో వాడి పక్క సీట్లో. వాడు జేబులో వేసుకుని పోయినాక, మర్నాడు వీధిలో నిలబడి తిట్టేది, వాడికి అనుమానం రాకుండా."

"మరి నేరుగా ఇవ్వొచ్చు కదా?"

జవాబు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. మామ తుండుతో కాళ్లు తుడుచుకుంటున్నాడు. "నేరుగా ఇస్తే నన్ను చూసినప్పుడల్లా వాడు తల దించుకోవాల. ఎత్తుకుపోయినాడనుకో, పిచ్చి తిమ్మరాజును భలే మోసం చేసినా అని వెనకాల నవ్వుకుంటాడు. నవ్వుకోనీ. నాకేం పోతాది?"

"నాగేష్?"

"వాడొకడు!" మామకు నిజంగానే కోపం వచ్చింది. "ఎన్నిసార్లు పారేసినా తెచ్చిస్తాడు. ఊరంతా దొంగలుంటే నాకు ఎదురిల్లే నిజాయితీపరుడు దొరకాల? అందుకే ఆ పాప మిషన్లో వేసినా. బిడ్డ ఇంటికి పోయి చూసుకుంటాది, నాయనకు ఇస్తాది అనుకున్నా. దాంట్లో జాగా అంత తక్కువని నాకేం తెలుసు?"

నా కోపం ఎప్పుడు పోయిందో పోయింది. లేచి ఆయన తడి చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఎందుకని అనుమానిస్తాడని ఊరుకున్నాను.

ఆ నెమలి కొంగు చూడగానే షావుకారు నాగేష్‌కు పట్టు ఇచ్చాడు. చీర దిగింది. దాని వెనకే ఇంకో చీరకు అడిగారు. మగ్గం ఆడితే ఇల్లు ఆడుతుంది. గార్మెంట్స్ మాట మళ్లీ ఎత్తకుండా సౌమ్య చివరి ఏడాదిలో చేరి, ఇప్పుడు క్లాసులో ముందు బల్ల మీద కూర్చుంటోంది.

మొన్న నేను ధర్మవరంలో ఉండగా నాగేష్ పొద్దున్నే మామ గుమ్మం ముందుకొచ్చాడు. మెత్తని మనిషి, ఎన్నడూ గొంతెత్తనివాడు, వీధి వీధంతా వినేలా అరిచాడు.

"అన్నా! నీ డిజైను ఎత్తుకున్నోణ్ణి నేనే! అందరూ వినండప్పా, తిమ్మరాజన్న నెమలిని దొంగిలించింది నేనే!"

అంటూ దర్జాగా తల ఎత్తుకుని నిలబడ్డాడు. ఆ ముఖంలో నవ్వు దాగటం లేదు. అత్త లోపలికి పోయి దొంగకు కాఫీ తెచ్చింది. మామ మాత్రం ఆయన్ను కింది నుంచి పైకి చూసి నా చెవిలో గొణిగాడు.

"ఒప్పుకుంటాండాడు. ఎందుకు ఒప్పుకుంటాండాడంటావు?"

నాగేష్ వెళ్లాక మామ నన్ను నడిమి గదిలోకి పిలిచి తలుపు వేశాడు. గొంగడి తీసి, కుర్చీ నా వైపు జరిపాడు.

"అల్లుడా, ఆ రాకెట్టు మిషనుంది గదా, దాంట్లో కొంగు ఒక్కటి పట్టేసరికే నిండిపాయె. అంచు, బుటాలు గూడా పట్టే పెద్దది దొరకదా?"

"ఎందుకు మామా?"

"ఊరికే." గొంతు ఇంకా తగ్గించాడు. "మీ హిందూపురం పక్కన ముదిరెడ్డిపల్లిలో రమణ అని నేతగాడు ఉండాడు. వాడి మగ్గం గూడా ఆగిపోయింది. వాడి కూతురు రేఖ నీ క్లాసేనంట గదా. ఆ పాపకు రాకెట్లంటే ఇష్టమా?"

"ఆ అమ్మాయికి పైకి చూస్తేనే కళ్లు తిరుగుతాయి మామా."

"అయితే ఏమి," అన్నాడు మామ కంప్యూటర్ ముందుకు జరిగి, "నువ్వు సారువు గదా, నేర్పించు."